తిట్లన్నీ రసూల్ మామవే

ప్రొద్దుటూరులో నబీ రసూల్‌కు కోపం రాలేదంటే ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగలేదని అర్థం. పొద్దున అంగడి షట్టరు ఎత్తడంతోనే మొదలవుతుంది. "నిన్ననే గదా నూనె పోసినా! మళ్ళా కిర్రుమంటావేంది? సిగ్గుండాదా నీకు?" అని షట్టరును తిడతాడు. ఆ కేక విని పక్కనున్న దోశెల అంగడాయన పెనం పొయ్యి మీద పెడతాడు. గడియారం చూసే పని ఆయనకు ఎన్నడూ పడలేదు.

రసూల్‌ది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. పైన బోర్డు మీద ఏదో పేరు రాసుంది గానీ ఊర్లో ఆ పేరు చెబితే ఎవరికీ తెలీదు. జమ్మలమడుగు కోడలు చందన మొదటిసారి వచ్చినప్పుడు బస్టాండులో ఆటో ఎక్కి ఆ పేరే చెప్పింది. ఆటో ఆయన తల గోక్కున్నాడు. "కంప్యూటర్లు... తిట్టే రసూల్ మామ తావకా? అట్ల చెప్పల్ల గదమ్మా" అని తీసుకుపోయాడు. దించేటప్పుడు, "రోంత ఓర్చుకో తల్లీ" అని ఒక మాట కూడా చెప్పాడు.

ఆయన కోపానికి మనుషులే కావాలని లేదు. మరమేకు కిందపడితే మరమేకును తిడతాడు. దొరికితే, ఇంతసేపు యాడికి పోయినావని ఇంకో నాలుగు వడ్డిస్తాడు. కరెంటు పోతే తిడతాడు, వస్తే ఇప్పుడొస్తావా అని తిడతాడు. కువైట్‌లో ఉన్న కొడుకు షాహుల్ ఒకసారి మంచి ఖర్జూరం పంపించాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడో లేదో రసూల్ మొహం కందగడ్డ అయింది. "ఇంత తియ్యగా ఉంటే మనిషి ఒగదాంతో ఆపుతాడా? బుద్ధుండాదా పంపినోనికి?" అని అరుస్తూ అరుస్తూనే పెట్టె ఖాళీ చేశాడు.

రంజాన్ నెలలో మాత్రం నోరు కట్టేసుకుంటాడు. ఉపవాసముండి తిట్టకూడదు. ఆ నెల ఆయన ముందు నిలబడడం ఇంకా కష్టం. ఏమీ అనడు. ముక్కుపుటాలు ఎగరేస్తూ చూస్తాడంతే. పండగ మరునాడు పొద్దున్నే ఫోను వస్తుంది. "ఏమప్పా, ఉపాసాల్లో వచ్చినావే, ల్యాప్‌టాపులో పాయసం పోసుకున్న్యోడివి నువ్వే గదా? ఆ పొద్దు ఏమీ అనల్యా. ఇప్పుడు విను."

ఇన్ని కోపాల్లోకీ పెద్ద కోపం ఒకటుంది. ఎవరైనా అంగట్లోకి వచ్చి, "మామా, ఒగ ఎస్‌ఎస్‌డీ ఇయ్యి" అనాలి. పాత హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే మూల్గే కంప్యూటరు కూడా లేచి పరుగెత్తుతుందని ఊరందరికీ తెలుసు. అందుకే రోజూ ఎవరో ఒకరు వస్తారు.

"బోర్డు పేరేంది?" అంటాడు రసూల్.

"ఏ బోర్డు మామా?"

"మునిసిపాలిటీ బోర్డు! మదర్‌బోర్డప్పా, మదర్‌బోర్డు! నీ కంప్యూటరు కడుపులో ఉంటాదే, అది!"

"అదా? పచ్చగా ఉంటాది మామా."

"పచ్చగా ఉండేకి అదేమన్నా చీనీ తోటనా? చేతి కొలత తెలీకుండా గాజులు కొంటావా? కాలు ఇంట్లో పెట్టొచ్చి చెప్పులు కొంటావా? బోర్డు పేరు తెలీకుండా డిస్కు యాడ తగిలిస్తావు, నీ మెడలోనా? ఫో! పేరు కనుక్కోని రాఫో! నీ ఇల్లు బంగారం గాను!"

బంగారం అంగళ్ళకు పేరుపడ్డ ఊర్లో పుట్టినవాడు గనక, ఎంత ఒళ్ళు మండినా ఆయన చివరి తిట్టు అదే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ విషయంలో కోపం రాకుంటేనే తప్పు. ఎస్‌ఎస్‌డీల్లో పుల్లలాంటివి ఉంటాయి, బోర్డు మీదనే గుచ్చేవి. చూస్తే అన్నీ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. ఒకటి దూరనే దూరదు. ఇంకొకటి చక్కగా దూరి కూర్చుంటుంది గానీ బోర్డు దాని మొహం చూసి, నువ్వెవరో నాకు తెలీదు పొమ్మంటుంది. అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. మధ్యలో రసూల్ ఒక్కడు గొంతు చించుకుంటే మనం ఆయన్ని తిట్టే రసూల్ అంటాం.

తిట్లు తిన్నవాళ్ళకు టీ ఇవ్వడం భార్య గులాబ్‌బీ పని. అంగడి వెనకాలే ఇల్లు. చందన మొదటిసారి వచ్చి, బోర్డు పేరు తెలీక, తిట్లు తిని, కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు ఆమే గ్లాసు చేతికిచ్చింది.

"అరుస్తాడు గానీ కరవడు తల్లీ, తాగు. నీ బాధ ఒగ పొద్దుది. నాది చూడు. పెండ్లయిన కొత్తలో మా కోడలు ఆస్మా, ఇంటినిండా చుట్టాలున్న్యప్పుడు బిర్యానీ అడుగంటించింది. అత్తను గదా, నోటినిండా మాట పెట్టుకోని లేసినా. నేను నోరు తెరిచేలోపల ఈ మనిషి లేసినాడు. వండిన డేగిసాను తిట్టినాడు. గ్యాసోన్ని తిట్టినాడు. బియ్యం అమ్మినోన్ని తిట్టినాడు. ఆలస్యంగా వచ్చినారని చుట్టాలనే తిట్టినాడు. ఆయన ముగించేపాటికి అందరూ తిని చేతులు కడుక్కున్న్యారు. ఇంగ నేనేం తిట్టేది? ఆ మాట ఇంకా ఈడనే ఉండాది" అని గొంతు చూపించింది గులాబ్‌బీ. "ఈయప్ప నోరు తెరిస్తే ఇంగెవురి నోటికీ కరెంటు రాదమ్మా."

చందన నవ్వి, టీ తాగుతూ తన పుట్టింటి ఊరూ, అత్తమామల ఊర్లూ పేర్లూ అన్నీ ఆమెకు చెప్పుకుని, బోర్డు పేరు కనుక్కునేదానికి జమ్మలమడుగు బస్సెక్కింది.

చందన పుట్టిల్లు ముద్దనూరు. అత్తగారింటిది పెండ్లిళ్ళ ఫోటోల వ్యాపారం, జమ్మలమడుగులో స్టూడియో. కెమెరా మొగుడు పవన్‌ది, గల్లాపెట్టె అత్త వనజమ్మది, సలహాలు మామగారు నారాయణవి. వీడియోలు ఎడిటింగు చేసే కంప్యూటరు ముందర కుర్చీ ఒకటి ఉంది. సరిగ్గా ఫ్యాను కింద. చందన రాకముందు నారాయణ మధ్యాహ్నం సంగటి తిని ఆ కుర్చీలోనే కునుకు తీసేవాడు. చందన ఎడిటింగు నేర్చుకుని వచ్చిన పిల్ల. బతిమాలి, అలిగి, పవన్‌తో చెప్పించి, ఆఖరికి ఆ కుర్చీ సంపాదించుకుంది. అప్పటి నుంచి నారాయణ గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఆ ఫ్యాను వైపు, ఈ కోడలి వైపు చూసుకుంటూ ఉంటాడు.

కంప్యూటరు ముసలిది. ఒక పెండ్లి తెరిచేలోపల ఇంకో పెండ్లి అయిపోతుంది. అందుకే ఎస్‌ఎస్‌డీ వేస్తానంది చందన. "ఉన్న్యదాన్ని కెలికి పోగొట్టద్దు" అన్నాడు నారాయణ. "నువ్వు జెయ్యి, చూద్దాం" అంది వనజమ్మ. ఆ చూద్దాంలో శానా అర్థముంది.

రెండోసారి చందన బోర్డు పేరు సెల్లులో ఫోటో తీసుకునే పోయింది. రసూల్‌కు తిట్టేదానికి సందు దొరక్క ఇంకా మండింది.

"పేరు తెచ్చినావా? ఇంత తెలివున్న్యదానివి మొన్ననే ఎందుకు తేల్యా? ఇదో ఈ పుల్ల, విండోస్ గూడా ఏసినా, తీస్కపో. పట్టుకునేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోని పట్టుకో. ఈ బోర్డు జేసినోడుండాడే, వాని ఇల్లు బంగారం గాను, ఒగ దారికి రెండు వాకిండ్లు పెట్టినాడు! దీన్ని ఈడ గుచ్చితే ఆడ రెండో పోర్టు సచ్చూరుకుంటాది! పాత డిస్కు వైరు పీకి నాలుగో పోర్టులో పెట్టుకో! అర్థమైందా? ఏమైతాది, కరెంటు ఫ్యాక్టరీ బొగ్గు దుమ్ముకు మీ ముద్దనూరోళ్ళ చెవులు మూసకపోయింటాయి!"

చందన తల ఊపింది. కోడలైనాక నేర్చుకున్న మొదటి విద్య అది. తిట్టు మొదలుకాగానే చెవులు మూసేసి, తల మాత్రం ఆడించడం. పాపం ఆ తిట్లలో ఒకటి తిట్టు కాదని, పనికొచ్చే మాట అని ఆమెకెట్లా తెలుస్తుంది? రాళ్ళ కుప్పలో ఒక్క బియ్యపు గింజ వేసినట్టు చెప్పాడు ఆ మహానుభావుడు.

ఇంటికొచ్చి పుల్ల గుచ్చింది. కంప్యూటరు టక్కున లేచింది. పవన్ ఈల వేశాడు. నారాయణ కూడా స్టూలు మీద నుంచి మెడ సాచి చూశాడు. చందన గర్వంగా పాత డిస్కు తెరవబోయింది. తెర మీద డిస్కు లేదు. ఆపి మళ్ళీ వేసింది. లేదు. అందులో పులివెందుల పెండ్లి ఉంది. రెండు కెమెరాలతో, డ్రోనుతో తీసిన పెండ్లి. కెమెరా కార్డులు అప్పటికే చెరిపి ఇంకో పెండ్లికి వాడేశారు. ఆ పెండ్లి ఉన్నది ఆ డిస్కులో ఒక్కచోటే.

"ఎడిటింగు యాడిదాకా వచ్చిందమ్మా?" అని పెండ్లికూతురి నాయన రోజూ ఫోను చేస్తున్నాడు.

ఇంట్లో అందరికీ ఒకేసారి కోపమొచ్చింది. నారాయణ కంప్యూటరు డబ్బాను పాత రేడియోలాగా అరచేత్తో నాలుగు చరిచాడు. ఊర్లో కంప్యూటర్లు చూసే కుర్రోడొకడు వచ్చి, డిస్కు కనబడలేదు గాబట్టి పోయింది, హైదరాబాదుకు పంపాల అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కనబడకపోతే పోయినట్టేనా? ఎండాకాలంలో వాన కనబడదు, పోయిందంటామా? కానీ ఆ మాట వాన్ని అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు.

"నేను జెప్పల్యా? కెలకద్దని జెప్పల్యా?" అన్నాడు నారాయణ. అంటూనే వెళ్ళి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు.

వనజమ్మ కోడలి వైపు తిరిగింది. "పొద్దున ప్రొద్దుటూరు పోదాం. ఆ పుల్ల అమ్మినోన్ని అడుగుదాం. డిస్కు పోయినాదని ఆయప్ప గూడా అంటే ఇంగ నువ్వు ఆ కుర్చీ తట్టుకు పోవద్దు. నీకు చెప్పాల్సింది అప్పుడు చెప్తా" అంది.

ఇప్పుడు తిట్టలేదు. దాచిపెట్టుకుంది. చందనకు అదే భయమేసింది.

మరునాడు నలుగురూ బస్సెక్కారు. కంప్యూటరు డబ్బా పవన్ ఒళ్ళో ఉంది. నారాయణ దారి పొడవునా పక్క సీటాయనకు కోడలి కథ చెబుతూనే ఉన్నాడు. చందన కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చుంది గానీ ఒక్క చేనూ కంటికి ఆనలేదు. తన చేతులతో తనే పోగొట్టుకున్నానే అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది.

అంగట్లో అడుగుపెట్టగానే వనజమ్మ అందుకుంది. "ఏమప్పా, నువ్వమ్మిన పుల్ల మా డిస్కును సంపింది."

"పుల్ల సంపేది డిస్కునా? ఈడ పెట్టు డబ్బా!" అని రసూల్ పక్కరేకు తీశాడు. ఒక్కసారి లోపలికి చూశాడు. పాత డిస్కు వైరు రెండో పోర్టులోనే ఉంది. తల ఎత్తి చందన వైపు చూశాడు.

ఆయన చూపు ఆ వైరు మీద నుంచి తన మీదికి రాగానే చందనకు గుర్తొచ్చింది. రెండో పోర్టు. సచ్చూరుకుంటాది. నాలుగో పోర్టులో పెట్టుకో. ఆ కేకంతా తు.చ. తప్పకుండా ఇప్పుడు చెవుల్లో మోగింది. చెప్పినా వినలేదంటే అత్తకు ఇంకేం కావాలి?

"తప్పెవురిదప్పా? అది జెప్పు ముందు" అన్నాడు నారాయణ, చేతులు కట్టుకుని.

చందన ముందుకొచ్చింది. "మామా, ఆ పొద్దు నువ్వు నాకు..."

"నోరు ముయ్యి!"

ఆ కేకకు పక్కంగడాయన దోశె తిరగేయబోయి ఆగిపోయాడు.

"నువ్వు మాట్లాడద్దు పాపా! నేను మాట్లాడుతాండా! తప్పెవురిదా? నాది! ఈ రసూల్ గానిది! పుల్ల అమ్మినాడు, దుడ్లు తీసుకున్న్యాడు, అసలు మాట చెప్పల్యా! రెండో పోర్టు మూసుకుంటాదని నేను ఈ పాపకు చెప్పల్యా! చెప్పకుంటే ఆమెకెట్ల తెలుస్తాది, కలొస్తాదా? ఛీ, ఏం బతుకురా నీది రసూలూ! ఇరవైయేండ్లుగా అంగడి పెట్టుకోని నోట్లో ఏం పెట్టుకున్న్యావు? ఇంగ ఆ బోర్డు జేసినోడు! ఆరు పోర్టులు పెడతాడు, ఆరూ నీవే అంటాడు! ఒగచోట పుల్ల పెడితే ఇంగోచోట దారి మూస్తాడు! ఆ మాట యాడ రాస్తాడు? పుస్తకం కడాన, చీమ తలకాయంత అక్షరాల్లో! వాన్ని తెచ్చి మే నెలలో ఈ సందులో నిలబెట్టల్ల!"

వనజమ్మ నోరు తెరిచింది. సందు దొరకలేదు.

"ఏమప్పా నారాయణా! నీది సింహాద్రిపురం పక్క గదా? అన్నదమ్ములు ఒగ బోరు నీళ్ళు పెట్టుకోరా? ఒగ బోరు, రెండు తోటలు. అన్న వాల్వు తన పక్క తిప్పుకుంటే తమ్ముని పైపులో నీళ్ళొస్తాయా? రావు! అంతమాత్రాన బోరు ఎండిపోయినాదని ఏడ్సే ఎర్రినాయాలు ఎవుడన్నా ఉంటాడా?"

నారాయణ పైన ఫ్యాను చూశాడు. వనజమ్మ నారాయణను చూసింది.

"ఉన్న్యాడప్పా" అంది.

"ఎవురు?"

"ఏడ్సేదొక్కటేనా? టెంకాయ అరచేతిలో పెట్టుకోని నీళ్ళు చూసే ఆయప్పను పిలిపించినాడు. తోటంతా తిప్పినాడు. బోరు బండి తెప్పించినాడు. బండికి టెంకాయ కొట్టి మొదలుపెట్టే టయానికి వాళ్ళన్న కాలవ గట్టు మింద నడుచుకుంటా వచ్చి, ఏందిరా ఈ సంబరమని, వాల్వు ఇట్ల తిప్పినాడు."

పవన్ నవ్వు ఆపుకోలేక డబ్బా మీద వాలిపోయాడు. "అప్పుడు చిన్నోన్ని" అని గొణిగాడు నారాయణ.

"పెండ్లయిన్యాక" అంది వనజమ్మ.

"నవ్వద్దు!" అని అరిచాడు రసూల్. "పాపా, ఈడికి రా. ఎవురు పెట్టినారు పుల్ల? నువ్వే గదా? మళ్ళా నువ్వే తియ్యి. నేను ముట్టుకోను. రెండో పోర్టులో వైరు పీకు. నాలుగోదాంట్లో పెట్టు. చెయ్యి వెనక్కి తీస్తావేంది? పామా అది? పెట్టు!"

చందన పీకి పెట్టింది. మీట నొక్కింది. తెర వెలిగింది. డిస్కు ఎక్కడికీ పోనట్టే, అలిగి అటక మీద కూర్చుని దిగొచ్చినట్టే, తన చోట తను ఉంది. పెండ్లి తెరిచింది. మేళం ఒక్కసారిగా అంగడంతా మోగింది. తెర నిండా పులివెందుల పెండ్లికొడుకు, బుగ్గలో లడ్డు పెట్టుకుని.

"నమలప్పా, ఏం చూస్తాండావు!" అని రసూల్ పెండ్లికొడుకును కూడా వదల్లేదు.

చందనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అత్త వైపు చూసింది. రాత్రంతా దాచుకున్న మాటలన్నీ వనజమ్మ మొహంలో కనబడుతూనే ఉన్నాయి. కానీ ఎవర్ని తిట్టాలి? తప్పు నాదని ఒకడు వీధి వినబడేలా ఒప్పుకున్నాడు. డిస్కు దొరికింది. మళ్ళీ కనబడేట్టు చేసింది కోడలే. మిగిలిన మాట ఏదన్నా ఉంటే అది మొగుని బోరు గురించే.

గులాబ్‌బీ టీ గ్లాసులతో వచ్చింది. వనజమ్మ మొహం ఒకసారి పరీక్షగా చూసింది. "గొంతులోనే ఉండిపోయిందా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"అవునక్కా" అంది వనజమ్మ, నిట్టూర్చి.

"టీతో మింగెయ్యి. అలవాటైపోతాది."

అందరూ డబ్బా మోసుకుని బయటికి నడిచాక చందన ఒక్క నిమిషం ఆగింది. "మామా, ఆ పొద్దు నువ్వు చెప్పినావు. నేనే వినల్యా. అబద్ధమెందుకు ఆడినావు?"

రసూల్ చెవులు ఎర్రబడ్డాయి. "అబద్ధమా! నన్ను అబద్ధాలోన్ని జేస్తాండావా? మొత్తం ఊరి ముందర నేను చెప్పల్యా అని అరుస్తాంటే, చెప్పినావంటావా? ఎవురికి తెలుసు, నీకా నాకా? ఫో, బస్సు పోతాది! నీ ఇల్లు బంగారం గాను!"

బస్సులో కూర్చున్నాక చందనకు ఆస్మా బిర్యానీ గుర్తొచ్చింది. గ్యాసోడు, బియ్యం అమ్మినోడు, చుట్టాలు, డేగిసా, అందరికీ తలా ఒకటి పడింది ఆ రోజు. ఆస్మాకు పడలేదు. తిట్టు వచ్చే దారి ఒక్కటే అని తెలిసి, ఆ మనిషి ముందే పోయి అందులో అడ్డంగా కూర్చుంటాడు. ఆ మాట పైకి అంటే ఇంకెంత తిట్టేవాడో అనుకుని ఆమె దారంతా తనలో తను నవ్వుకుంటూనే వచ్చింది.

ఇంటికి రాగానే నారాయణ అలవాటుగా ఫ్యాను కిందికి నడిచాడు. "లెయ్యి, ఆ పాప పని జేసుకోవాల. పులివెందులాయన ఫోను జేస్తాడు" అంది వనజమ్మ. ఆయన స్టూలెక్కాడు.

ఇది జరిగి వారం కాలేదు. పులివెందుల పెండ్లి పూర్తయి, కొత్తగా చక్రాయపేట పెండ్లి మొదలైంది. చందన కుర్చీలోంచి లేచి నీళ్ళు తాగేదానికి పోయింది. నారాయణ అదను చూసుకుని ఫ్యాను కిందికి చేరాడు. చేతిలో టీ గ్లాసు. కునుకు పట్టింది. గ్లాసు జారి టీ మొత్తం కీబోర్డు మీద పడింది. గల్లాపెట్టె దగ్గర్నుంచి వనజమ్మ లేచింది. ఈసారి బోరు కథ నుంచి ఎత్తుకుందామని నోటినిండా ఊపిరి పీల్చుకుంది. నారాయణ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే తలుపులోంచి చందన గొంతు ఖంగుమంది.

"ఏం గ్లాసు ఇది? పట్టుకుంటే జారేదీ ఒగ గ్లాసేనా? ఎవురు జేసినారు దీన్ని? ఆ టీ అంగడోడు నిండా ఎందుకు పోసినాడు, సగం పోస్తే వాని సొమ్మేం పోతాది? ఇంగ ఈ కీబోర్డు! రోంత టీ పడితేనే సచ్చిపోతావా? సిగ్గుండాదా నీకు? నీ ఇల్లు బంగారం గాను!"

వనజమ్మ నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయింది. చందన అరుస్తూనే కీబోర్డు బోర్లించి గుడ్డతో తుడిచింది. నారాయణ ఒక కన్ను తెరిచి అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు.